భయానక చిత్రాల పోస్టర్లు: రూపకల్పన, ఆకర్షణ, చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• సినిమా పోస్టరును చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• రంగు, వెలుగు, పరిమాణం, అక్షరం, ఖాళీ స్థలం ద్వారా పోస్టరు భయాన్ని ఎలా కలిగిస్తుందో గుర్తించగలుగుతారు.
• 1920 నుంచి 1999 వరకు ఈ పోస్టర్లలో వచ్చిన ముఖ్యమైన మార్పులను, వాటి కారణాలను తెలుపగలుగుతారు.
• పోస్టరు ఇచ్చే మాటకూ సినిమాలో ఉండే విషయానికీ మధ్య గల తేడాను చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చాలా ఏళ్ల క్రితం, నేను పాఠాలు చెప్పే రోజుల్లో, ఒక విద్యార్థి తరగతిలో లేచి ఒక ప్రశ్న అడిగాడు. "సార్, పోస్టరు చూసి దయ్యం సినిమాకు వెళ్లాను. పోస్టరులో ఉన్న సీను సినిమాలో ఎక్కడా లేదు. ఇది మోసం కాదా?" తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నే అతడు అడిగాడు. ఒక ఆధారం తన గురించి తాను నిజం చెప్పనప్పుడు, దాని నుంచి మనం నిజాన్ని ఎలా రాబట్టాలి?

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలియడానికి ఒక ఉదాహరణ చూడండి. 1927లో అమెరికాలో 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అనే మూకీ చిత్రం విడుదలైంది. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్. ప్రధాన పాత్రధారి లాన్ చేనీ. కోరపళ్లు, గుండ్రని కళ్లు, పొడవాటి టోపీతో చేనీ వేసిన వేషం ఇప్పటికీ ప్రసిద్ధం. అయితే ఆ సినిమా ఈ రోజు లేదు. మిగిలి ఉందని తెలిసిన చివరి ప్రతి 1960లలో ఎం.జి.ఎం. సంస్థ గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మనకు దక్కినవి కొన్ని నిశ్చల ఛాయాచిత్రాలు, కొంత ప్రచార సామగ్రి మాత్రమే. దాని పోస్టరు ఒకటి 2014లో వేలంలో 4,78,000 డాలర్లకు అమ్ముడుపోయింది. సినిమా బూడిదైంది, సినిమాను అమ్మడానికి అచ్చువేసిన కాగితం మిగిలింది.

అటువంటప్పుడు ఆ కాగితం నుంచి మనం సినిమాను తెలుసుకోగలమా? ఈ భాగంలో నేను మీ ముందుంచే సమాధానం ఇది. పోస్టరు సినిమాకు నమ్మదగిన సాక్షి కాదు. ప్రేక్షకుడిని ఏది ఆపుతుంది, ఏది భయపెడుతుంది, ఏది టికెట్టు కొనిపిస్తుంది అనే విషయంలో అమ్మేవాడు వేసుకున్న అంచనాకు మాత్రం అది చాలా మంచి సాక్షి. ఆ దృష్టితో చదివితే దాని అతిశయోక్తి కూడా చరిత్రకారుడికి పనికివస్తుంది.

2. పోస్టరు భయపెట్టే పద్ధతి

బస్టాండు పక్క గోడ మీది పోస్టరును దాటిపోయే మనిషి దాని కోసం కేటాయించేది రెండు మూడు క్షణాలు. ఆ కొద్ది వ్యవధిలో అది మూడు పనులు చేయాలి. నడిచేవాడిని ఆపాలి, ఇది ఏ రకం సినిమానో చెప్పాలి, మిగిలినది హాలులోనే తెలుస్తుందనే ఆరాటం పుట్టించాలి. మిగతా సినిమాల పోస్టర్లకు మొదటి రెండు పనులు చాలావరకు సరిపోతాయి. భయానక చిత్రానికి మూడవది ప్రాణం. అంతా చూపిస్తే భయం పోతుంది. ఏమీ చూపకపోతే మనిషి ఆగడు. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలన్నదే రూపకర్త సమస్య.

మన అలంకారశాస్త్రం ఇక్కడ ఒక ఉపయోగకరమైన భేదాన్ని అందిస్తుంది. భరతుని నాట్యశాస్త్రం భయానకాన్ని, బీభత్సాన్ని వేర్వేరు రసాలుగా చెప్పింది. మొదటిదానికి స్థాయిభావం భయం, రెండవదానికి జుగుప్స. రక్తం, కుళ్లిన శవం చూపే పోస్టరు ప్రధానంగా బీభత్సం. సగం తెరిచిన తలుపు, దాని వెనుక చీకటి చూపే పోస్టరు భయానకం. భరతుడు భయానకానికి నలుపును, రౌద్రానికి ఎరుపును వర్ణాలుగా చెప్పాడు. భయానక చిత్రాల పోస్టర్లలో ఈ రెండు రంగులే తరచుగా జంటగా కనిపించడం మీరు గమనించవచ్చు.

రూపకర్త చేతిలో ఉన్న ముఖ్య సాధనాలు ఐదు.

రంగు: నలుపు దాస్తుంది, ఎరుపు హెచ్చరిస్తుంది, పచ్చివాసన వేసే ఆకుపచ్చ అనారోగ్యాన్ని, విషాన్ని గుర్తుచేస్తుంది.

వెలుగు: సూర్యుడైనా ఇంటి దీపమైనా పైనుంచే వెలుగునిస్తుంది. అందుచేత గడ్డం కింద నుంచి వెలుగు పడిన ముఖం, అది ఎంత తెలిసిన ముఖమైనా, మనకు అసహజంగా తోస్తుంది.

పరిమాణం: భయపెట్టేదాన్ని పెద్దదిగా, భయపడేవారిని చిన్నగా గీస్తారు. చూసేవారు తమకు తెలియకుండానే చిన్నవారి పక్షం వహిస్తారు.

అక్షరం: పగిలిన, కారుతున్న, వంకరపోయిన అక్షరాలు చదవక ముందే అర్థాన్ని చెబుతాయి. చదవడం రానివారికి కూడా అవి అందుతాయి.

ఖాళీ స్థలం: ఏమీ లేని చోట ప్రేక్షకుడు తన సొంత భయాన్ని నింపుకుంటాడు. ఐదింటిలోను ఇది చివరగా కనుగొన్న సాధనం. దాన్ని కనుగొన్న క్రమాన్నే ఈ భాగంలో పరిశీలిస్తున్నాం.

3. బెర్లిన్ గోడలు: 1920, 1922

మన కథ మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీలో మొదలవుతుంది. రాబర్ట్ వీనే దర్శకత్వం వహించిన 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో విడుదలైంది. విడుదలకు ముందు నగరం గోడల మీద వింత ప్రకటనలు వెలిశాయి. నువ్వు కాలిగరివి కావాలి అని వాటి సారాంశం. కాలిగరి ఎవరు, ఎందుకు కావాలి అనేది దారిన పోయేవారికి అర్థం కాలేదు. సినిమాలో ఒక పాత్రకు మతి తప్పే ఘట్టంలో ఇవే మాటలు తెర మీద అక్షరాలుగా అతడిని చుట్టుముడతాయి. హాలులో కూర్చున్న ప్రేక్షకుడికి, తాను వీధిలో చదివిన మాటే ఆ పాత్రను వెంటాడుతున్నదని అప్పుడు తెలుస్తుంది. ప్రకటన కథలో భాగమైపోయింది.

ఈ చిత్రానికి వేసిన పోస్టర్లు ఆనాటి ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకళను అనుసరించాయి. నిలువు గీతలు వాలిపోయి, కోణాలు కత్తుల్లా పొడుచుకు వచ్చి ఉంటాయి. సినిమాలోని సెట్లు కూడా అలాగే ఉంటాయి. అందువల్ల ఇక్కడ పోస్టరుకు, సినిమాకు మధ్య దూరం తక్కువ. ఇది అరుదైన స్థితి అని గుర్తుంచుకోండి.

1922లో ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు'కు ఆల్బిన్ గ్రౌ నిర్మాణంలోను, కళా రూపకల్పనలోను, ప్రచార చిత్రాలలోను పాలుపంచుకున్నాడు. సినిమా రూపాన్ని ఊహించిన చెయ్యే దాని ప్రకటననూ గీసింది. ఈ చిత్రానిది మరో విశేషం. బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'ను అనుమతి లేకుండా వాడుకున్నందుకు రచయిత భార్య దావా వేసింది. ప్రతులన్నీ నాశనం చేయాలని న్యాయస్థానం ఆదేశించింది. అయినా కొన్ని ప్రతులు తప్పించుకున్నాయి. కోర్టు చంపమన్న సినిమా బతికింది, ఎవరూ చంపమనని 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' పోయింది. ఆధారాలు మిగలడంలో న్యాయం ఉండదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) భయానకానికి, బీభత్సానికి గల భేదం ఏమిటి? మీరు చూసిన ఒక్కొక్క పోస్టరుతో వివరించండి.
ఆ) 'కాలిగరి' ప్రచారం సినిమా కథతో ఎలా ముడిపడింది?

4. యూనివర్సల్ సంస్థ రంగుల రాక్షసులు: 1931–1933

1929 ఆర్థిక మాంద్యం తరువాత అమెరికాలో సినిమాహాళ్లకు జనం తగ్గారు. ఆ సమయంలో యూనివర్సల్ సంస్థ 1931లో 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్', 1932లో 'ది మమ్మీ', 1933లో 'ది ఇన్విజిబుల్ మ్యాన్' విడుదల చేసింది. 'డ్రాకులా' దర్శకుడు మనం పైన చెప్పుకున్న టాడ్ బ్రౌనింగే. ఈ సంస్థ ప్రచార కళా విభాగంలో ప్రముఖుడు కారొలీ గ్రోస్. హంగేరీ నుంచి వచ్చిన చిత్రకారుడు.

ఈ పోస్టర్లను లితోగ్రఫీ అనే రాతి అచ్చు పద్ధతిలో వేసేవారు. ఒక్కొక్క రంగుకు వేరుగా అచ్చు తయారుచేసి, ఒకదాని మీద ఒకటి అద్దేవారు. దానివల్ల రంగులు చిక్కగా, మెరుపుతో వచ్చేవి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ సినిమాలన్నీ నలుపు తెలుపు చిత్రాలు. పోస్టరు మాత్రం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో మండిపోతూ ఉండేది. తెర మీద దొరకని రంగును గోడ మీద చూపడం అబద్ధమే. అయినా అప్పటి ప్రేక్షకుడు దాన్ని మోసంగా తీసుకోలేదు. పోస్టరు భాష వేరు, తెర భాష వేరు అని అతనికి అలవాటైంది.

'ది మమ్మీ' పోస్టరును ఉదాహరణగా తీసుకుందాం. గుడ్డపట్టీలు చుట్టిన మమ్మీ నిటారుగా నిలబడి ఉంటుంది. పక్కన ఎర్రటి దుస్తుల్లో ఒక యువతి. చచ్చినదానికీ బతికున్నదానికీ, ఎండిన రంగుకూ మండే రంగుకూ మధ్య వైరుధ్యమే ఆ బొమ్మకు బలం. ఇక సినిమాకు వెళితే, పట్టీలు చుట్టిన మమ్మీ కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. ఆ తరువాత బోరిస్ కార్లాఫ్ మామూలు దుస్తుల్లో ఉన్న ఈజిప్టు పండితుడిగానే ఉంటాడు. సినిమాలో భయం అతని చూపులో, మాటలో ఉంది. కాని చూపును, మాటను గోడ మీద అమ్మడం కష్టం. పట్టీలను అమ్మడం తేలిక. ఈ పోస్టరు ప్రతి ఒకటి 1997లో 4,53,500 డాలర్లు పలికింది.

ఇంత ధర ఎందుకు? మిగిలినవి చాలా తక్కువ కాబట్టి. అమెరికాలో సాధారణ పోస్టరు 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు ఉండేది. దాన్ని మడిచి హాలుకు పంపేవారు. ఆట అయిపోగానే తిరిగి ఇవ్వాలి, లేదా తరువాతి ఊరికి పంపాలి. చిరిగితే పారవేయాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితం సేకరణలో మరికొన్ని పోయాయి. దాచుకోవలసిన వస్తువని ఎవరూ అనుకోలేదు.

ఇదే కాలంలో దాచడం అనే ఉపాయం కూడా మొలకెత్తింది. 'ఫ్రాంకెన్‌స్టైన్' ప్రారంభంలో వచ్చే పేర్ల పట్టికలో రాక్షసుడి పాత్రధారి పేరు ఉండవలసిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. కార్లాఫ్ పేరు సినిమా చివర కనిపిస్తుంది. చెప్పకపోవడం కూడా ఒక ఆకర్షణే అని సంస్థకు తెలిసింది. కాని దాన్ని పోస్టరులో ధైర్యంగా వాడడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

5. బొమ్మ ముందు, సినిమా తరువాత: 1950లు

1950లలో టెలివిజన్ అమెరికన్ ఇళ్లలోకి వచ్చింది. కుటుంబాలు ఇంట్లోనే కూర్చున్నాయి. హాలుకు, కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ ఆటలకు వచ్చేవారిలో యువతీయువకులు ఎక్కువయ్యారు. ఇంట్లో ఉచితంగా దొరకనిది ఏదో బయట ఉందని నమ్మించే బాధ్యత పోస్టరు మీద పడింది.

అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే సంస్థ ఈ తర్కాన్ని చివరి వరకు తీసుకువెళ్లింది. ముందు సినిమా పేరు ఆలోచించేవారు. దానికి పోస్టరు గీయించేవారు. హాళ్ల యజమానులు ఆసక్తి చూపితే అప్పుడు కథ రాయించి సినిమా తీసేవారు. సినిమాను చూసి పోస్టరు వేయడం మామూలు పద్ధతి. ఇక్కడ పోస్టరును చూసి సినిమా తీశారు.

ఈ దశాబ్దపు ప్రముఖ పోస్టరు చిత్రకారుడు రేనాల్డ్ బ్రౌన్. 1954 నాటి 'క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్', 1958 నాటి 'అటాక్ ఆఫ్ ద 50 ఫుట్ ఉమన్' పోస్టర్లు ఆయనవే. రెండవ పోస్టరులో ఒక మహాకాయురాలు రహదారికి అటూ ఇటూ కాళ్లు చాచి నిలబడి కార్లను బొమ్మల్లా ఎత్తిపారేస్తూ ఉంటుంది. అంతటి దృశ్యం ఆ చిన్న బడ్జెట్ సినిమాలో లేదు. 1956 నాటి 'ఫర్‌బిడెన్ ప్లానెట్' వైజ్ఞానిక కల్పనా చిత్రమైనా ఇదే అచ్చులో పోసిన పోస్టరుతో వచ్చింది. స్పృహ తప్పిన యువతిని చేతుల్లో మోస్తున్న భీకరమైన మరమనిషి అందులో కనిపిస్తుంది. సినిమాలో ఆ మరమనిషి మనుషులకు సాయం చేసే విధేయుడైన సేవకుడు.

రాక్షసుడి చేతుల్లో స్త్రీ అనే ఈ బొమ్మ ఎన్ని పోస్టర్లలో ఉందో లెక్కపెట్టలేం. కథ ఏదైనా బొమ్మ అదే. ఇది ఆ కథల గురించి మనకు ఏమీ చెప్పదు. అమ్మేవారు తమ కొనుగోలుదారు ఎవరని ఊహించుకున్నారో, స్త్రీ దేహం మీద బెదిరింపును ఎంత తేలికగా అమ్ముడుపోయే సరుకుగా భావించారో చెబుతుంది. ఈ రెండవ పాఠాన్ని మీరు వదలకండి.

ఇంగ్లాండులో మరో తమాషా జరిగింది. 1951లో అక్కడి సెన్సారు వారు పదహారేళ్లు నిండినవారికి మాత్రమే అనే అర్థంలో 'ఎక్స్' సర్టిఫికెట్ ప్రవేశపెట్టారు. అది హెచ్చరిక. హ్యామర్ సంస్థ దాన్నే ఆకర్షణగా మార్చింది. 1955లో 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' సినిమా పేరులో రెండవ మాటకు ఇంగ్లీషులో ఉండవలసిన మొదటి అక్షరాన్ని తీసివేసి, 'ఎక్స్'తోనే మొదలుపెట్టి రాసింది. సెన్సారు వద్దన్నది పోస్టరులో రమ్మన్నదైంది. మన దేశంలో 'ఎ' అక్షరం కూడా అనేక పోస్టర్ల మీద ఇలాగే పనిచేయడం మీరు చూసే ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) నలుపు తెలుపు సినిమాకు రంగుల పోస్టరు వేయడాన్ని మీరు మోసం అంటారా? కారణాలు తెలపండి.
ఆ) టెలివిజన్ రాకకు, 1950ల పోస్టర్ల అతిశయోక్తికి గల సంబంధం ఏమిటి?

6. దాచడం నేర్చిన పోస్టరు: 1960–1979

1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'సైకో' ఒక మలుపు. దాని పోస్టరులో రాక్షసుడు లేడు, పాడుబడ్డ కోట లేదు. నటీనటుల ఛాయాచిత్రాలు, పగుళ్లు వారిన అక్షరాల్లో సినిమా పేరు ఉన్నాయి. ఆ అక్షరాలను టోనీ పల్లాడినో అంతకు ముందు ఏడాది రాబర్ట్ బ్లాక్ రాసిన నవల అట్ట కోసం రూపొందించాడు. సినిమా వారు వాటిని తీసుకున్నారు. భయం మొత్తం ఆ పగుళ్లలో ఉంది. ఒక మనసు విరిగింది అని అక్షరమే చెబుతోంది.

పోస్టరులో ప్రముఖంగా కనిపించే తార జానెట్ లీ. ఆమె పాత్ర సినిమా సగానికి రాకముందే హత్యకు గురవుతుంది. ఆ సంగతి ఎవరూ ఊహించకుండా ఉండడానికే ఆమె బొమ్మ అంత పెద్దగా పనికివచ్చింది. దీనితోపాటు హిచ్‌కాక్ తన గడియారం చూపిస్తూ, ఆట మొదలైన తరువాత ఎవరినీ లోపలికి పంపరు అని చెప్పే ప్రకటనలు హాళ్ల ముందు పెట్టారు. అప్పట్లో అమెరికాలో జనం ఆట మధ్యలో ఎప్పుడంటే అప్పుడు వచ్చి కూర్చునేవారు. ఒక ప్రకటన వారి అలవాటును మార్చింది. వేళకు రండి, లోపల ఏదో ఉంది అనడం ద్వారా ఏమీ చూపకుండానే అంతా చెప్పింది.

1968లో రోమన్ పొలాన్‌స్కీ 'రోజ్‌మేరీస్ బేబీ' పోస్టరును స్టీఫెన్ ఫ్రాంక్‌ఫర్ట్, ఫిలిప్ గిప్స్ రూపొందించారు. పైకి చూస్తూ పడుకున్న స్త్రీ ముఖం పక్క నుంచి కనిపిస్తుంది. బొమ్మ అంతా ఆకుపచ్చ నీడ. రాతిగుట్ట మీద పసిబిడ్డను తిప్పే బండి నల్లగా నిలబడి ఉంటుంది. బిడ్డ కోసం ప్రార్థించమని ఒక చిన్న వాక్యం. అంతే. పసిపిల్ల బండి భయపెట్టే వస్తువు కాదు. దాన్ని ఉండకూడని చోట పెట్టడమే భయం. ఖాళీ స్థలం ఇక్కడ మొదటిసారి పూర్తి బలంతో పనిచేసింది.

1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్' పోస్టరు బిల్ గోల్డ్ చేతి పని. రాత్రివేళ వీధిదీపం కింద చేతిలో సంచితో ఒక మనిషి నిలబడి ఉంటాడు. మేడ కిటికీ నుంచి వెలుగు అతని మీద పడుతుంది. మామూలుగా చీకటి నుంచి భయం, వెలుగు నుంచి ధైర్యం వస్తాయి. ఇక్కడ భయం ఉన్నది వెలుగు వచ్చే గదిలో. రెనే మాగ్రిట్ అనే బెల్జియన్ చిత్రకారుడి బొమ్మలు ఆ దృశ్యానికి స్ఫూర్తి. పూనకం పట్టిన బాలిక ముఖం పోస్టరులో లేదు.

1979 నాటి 'ఏలియన్' పోస్టరు మళ్లీ ఫిలిప్ గిప్స్ బృందానిదే. నల్లని శూన్యంలో పగులుతున్న ఒక గుడ్డు, పగులులోంచి పచ్చని వెలుగు. అంతరిక్షంలో అరిచినా వినేవారు ఉండరనే అర్థం గల వాక్యం ఆయన భార్య బార్బరా గిప్స్ రాశారు. లోపలి జీవి ఎలా ఉంటుందో పోస్టరు చెప్పదు. తెలుసుకోవాలంటే టికెట్టు కొనాలి.

దీన్నిబట్టి 1960 తరువాత అందరూ దాచడమే మొదలుపెట్టారని నిర్ణయించకండి. 1975 నాటి 'జాస్' పోస్టరు అందుకు భిన్నం. రోజర్ కాస్టెల్ నవల ముఖచిత్రంగా గీసిన బొమ్మనే సినిమాకు వాడారు. పైన ఈదుతున్న యువతి, కింద నుంచి నోరు తెరిచి నిలువుగా వస్తున్న భారీ సొరచేప. ఇక్కడ ప్రమాదాన్ని పూర్తిగా చూపారు. సినిమాలోనేమో చాలాసేపు సొరచేప కనబడదు. అయినా ఈ పోస్టరు భయపెడుతుంది. ఎందుకంటే మనకు తెలుసు, ఆ యువతికి తెలియదు. దాచినది మన నుంచి కాదు, ఆమె నుంచి. దాచడం రెండు విధాలని ఈ బొమ్మ నేర్పుతుంది.

7. పోస్టరు కాని పోస్టరు: 1999

ఇరవయ్యవ శతాబ్దం చివర 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అనే అతి తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ముగ్గురు విద్యార్థులు అడవిలో మాయమయ్యారని, వారి కెమెరాలో దొరికిన దృశ్యాలే ఇవని సినిమా చెబుతుంది. ప్రచారంలో భాగంగా ఆ ముగ్గురు నటుల ఫొటోలతో 'తప్పిపోయారు' అనే కరపత్రాలు పంచారు. పోలీసు స్టేషన్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో మనం చూసే నోటీసుల్లాంటివే. నటులను కొంతకాలం బయట కనబడవద్దన్నారు.

రూపకల్పన దృష్టితో చూస్తే ఇందులో రంగు లేదు, చిత్రకళ లేదు. ప్రకటనలా కనిపించకపోవడమే దాని రూపకల్పన. 1950ల పోస్టరు అబద్ధం చెప్పినా తాను పోస్టరునని ఒప్పుకొంది. ఈ కరపత్రం ఆ మాట కూడా దాచింది. నటి తల్లికి సానుభూతి తెలుపుతూ కార్డులు వచ్చాయి. మా విద్యార్థి అడిగిన మోసం అనే మాట ఇక్కడ సరిగ్గా వర్తిస్తుందని నా అభిప్రాయం. రాక్షసుడిని పెద్దదిగా గీయడం అతిశయోక్తి, ఆ అతిశయోక్తి ఆటలో భాగమని అందరికీ తెలుసు. తప్పిపోయిన పిల్లల కోసం వెతికేవారి భాషను అరువు తెచ్చుకోవడం వేరు. రేపు నిజంగా ఎవరైనా తప్పిపోయినప్పుడు ఆ నోటీసును జనం నమ్మాలి కదా.

8. మన గోడలు

ఈ చరిత్ర ప్రధానంగా బెర్లిన్, హాలీవుడ్, లండన్‌లకు చెందినది. దాని నీడ మన గోడల మీదకూ వచ్చింది. 1970లు, 80లలో రాంసే సోదరులు హిందీలో తీసిన 'దో గజ్ జమీన్ కే నీచే' (1972), 'పురానా మందిర్' (1984), 'వీరానా' (1988) వంటివి దేశమంతటా చిన్న పట్టణాల్లో ఆడాయి. వికృతమైన ముఖం, పాడుబడ్డ హవేలీ, అరుస్తున్న యువతి అనే వాటి ప్రచార పద్ధతిలో 1950ల నాటి అచ్చు స్పష్టంగా కనిపిస్తుంది. 1992లో రామ్‌గోపాల్ వర్మ తెలుగులో 'రాత్రి'గా, హిందీలో 'రాత్'గా తీసిన చిత్రంలో దయ్యం హవేలీని వదిలి మామూలు కుటుంబం అద్దెకుండే ఇల్లు వంటి ఇంట్లోకి వచ్చింది. భయం స్థలం మారినప్పుడు దాన్ని అమ్మే బొమ్మ కూడా మారవలసి వస్తుంది. ఏ విధంగా మారిందో మీరే పరిశీలించవచ్చు.

మన పోస్టర్ల గురించి లోపలి మనిషి రాసినది కావాలంటే, ప్రసిద్ధ పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ తెచ్చిన 'సినిమా పోస్టర్' అనే పుస్తకం ఉంది. అయితే పోస్టర్లు మాత్రం అంతగా మిగలలేదు. మైదాపిండి జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించడం వల్ల పాతది కొత్తదాని కింద సమాధి అయ్యేది. వానకు తడిసి ఊడేది. పశువులు నమిలేవి. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఇప్పుడు ఫోనులో కనిపించి వేలితో తోస్తే పోతున్నాయి. దక్షిణాది మూకీ చిత్రాలలో మిగిలినవి చాలా కొద్ది. వాటి ప్రకటనలు కూడా దాచుకోలేకపోయాం. సినిమా పోయినా కాగితమైనా మిగిలే అదృష్టం 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్'కు పట్టింది. మనవాటిలో చాలావాటికి అదీ లేదు.

9. సారాంశం

భయానక చిత్రం పోస్టరు పని భయాన్ని ఇవ్వడం కాదు, ఇస్తానని మాట ఇవ్వడం. 1920లలో అది సినిమా కళనే గోడ మీదకు తెచ్చింది. 1930లలో రాక్షసుడిని రంగుల్లో చూపింది. 1950లలో టెలివిజన్‌తో పోటీపడి సినిమాలో లేనిదాన్ని కూడా చూపింది. 1960 నుంచి చాలావరకు దాచడం నేర్చుకుంది. 1999లో తాను పోస్టరునన్న సంగతినే దాచింది. ప్రతి మార్పు వెనుక అచ్చు పద్ధతి, పోటీ, సెన్సారు, ప్రేక్షకుల వయసు వంటి కారణాలు ఉన్నాయి.

ఇక ఆ విద్యార్థికి ఈ రోజు నేను చెప్పే జవాబు: పోస్టరులో ఉన్న సీను సినిమాలో లేకపోతే నీ టికెట్టు డబ్బు కొంత వృథా అయి ఉండవచ్చు. కాని నువ్వు ఏం చూస్తే ఆగుతావో ఎవరో ముందే ఊహించారు. ఆ ఊహ సరైనదే, నువ్వు ఆగావు. ఎందుకు ఆగావో ఆలోచించు. చరిత్ర అక్కడ మొదలవుతుంది.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. సినిమా పోస్టరును చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను 'ది మమ్మీ', 'ఫర్‌బిడెన్ ప్లానెట్' ఉదాహరణలతో వివరించండి.
2. 'రోజ్‌మేరీస్ బేబీ', 'జాస్' పోస్టర్లలో దాచే పద్ధతులను పోల్చి చూపండి.
3. అతిశయోక్తికి, మోసానికి మధ్య గీత ఎక్కడ ఉంది? 'బ్లెయిర్ విచ్' ప్రచారం ఆధారంగా మీ అభిప్రాయం రాయండి.

అభ్యాస కృత్యం

మీ ఊరిలో ప్రస్తుతం గోడ మీద ఉన్న ఒక భయానక చిత్రం పోస్టరును ఎంచుకోండి. ఫొటో తీయండి. ఊరు, వీధి, హాలు పేరు, తేదీ, పోస్టరు కొలత, అందులోని రంగులు, అక్షరాల తీరు, సర్టిఫికెట్ గుర్తు ఒక పుస్తకంలో రాయండి. సినిమా చూసిన తరువాత పోస్టరు ఇచ్చిన మాటలో ఎంత నిలబెట్టుకుందో పక్క పేజీలో రాయండి. ఈ పని వాయిదా వేయకండి. వచ్చే శుక్రవారం దాని మీద మరో పోస్టరు పడుతుంది.